తెగిందా, తెంచారా? దూరసంచార శాఖకు బరంపురం నుంచి ఒక బహిరంగ లేఖ

కేంద్ర దూరసంచార శాఖ అధికారులకు,
సంచార్ భవన్, న్యూఢిల్లీ.

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం నుంచి రాస్తున్నాను. ఇక్కడ నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్స్, ఆధార్ ప్రింట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, రైలు టికెట్లు, ఇవే నా బతుకుతెరువు. మా నాన్న గోపాల్‌పూర్ దగ్గరి పల్లెలో చేపల వేటకు వెళ్లేవారు. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు, ఇంట్లో మాత్రం మా మాట తెలుగే. చిన్నప్పుడు సముద్రం అన్నం పెట్టింది, ఇప్పుడు నెట్ పెడుతోంది. సముద్రం అడుగున పోయే ఇంటర్నెట్ కేబుళ్ల గురించి మా ఊళ్లో నడుస్తున్న మాటలు విని, ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

2025 సెప్టెంబరు 6, శనివారం. మా తమ్ముడు షార్జాలో ఏసీ మెకానిక్. రోజూ డ్యూటీ దిగాక అమ్మకు వీడియో కాల్ చేస్తాడు. ఆ రోజు కాల్ కలిసింది, "అమ్మా" అన్న మాట ఒక్కటి వినిపించింది, అంతే. వాడి మొహం సగం తెరిచిన నోటితో అలాగే బిగుసుకుపోయింది. అమ్మ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లింది, అక్కణ్నుంచి వీధి అరుగు మీదకు వెళ్లింది, చెయ్యి పైకెత్తి నిలబడింది. బొమ్మ కదల్లేదు. "వాడికేదో అయింది, మీరంతా నా దగ్గర దాస్తున్నారు" అని ఆ రాత్రి కన్ను మూయలేదు. ఆదివారం కూడా అదే తంతు. నెట్ స్లో అయింది అమ్మా అంటే, "మరి నీ ఫోన్‌లో డబ్బులు పోతున్నాయి, వస్తున్నాయి కదే" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. నెట్ సెంటర్ నడిపే దాన్నై ఉండి కూడా లేదు.

మా తెలుగు వాట్సాప్ గ్రూపుల దగ్గర మాత్రం జవాబులు సిద్ధంగా ఉన్నాయి. శత్రుదేశం జలాంతర్గామి పంపి తెంచేసిందని ఒకటి. యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులే తెంచారని ఒకటి. రీఛార్జి ధరలు పెంచడానికి కంపెనీలే ఈ నాటకం ఆడుతున్నాయని ఇంకొకటి. నాలుగోది చూసి మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. చేపల బోట్లవాళ్లే వలలు, లంగర్లు వేసి కేబుళ్లు తెంచేస్తున్నారని రాసి, కింద ఒక పడవ ఫొటో పెట్టారు. అచ్చం మా ఊరి పడవలాంటిది. సోమవారం పొద్దున్న మా చిన్నాన్న పెన్షన్ కాగితాల పని మీద షాపుకి వచ్చి కూర్చుని ఉన్నారు. ఫారం నింపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, చదువుకున్నవాడే, ఆ ఫొటో ఆయనకు చూపించి "మీవాళ్ల పనేనటగా" అన్నాడు. చిన్నాన్న మారు మాట్లాడలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, పని కాకుండానే బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ రోజు పోనూరానూ బస్సు ఛార్జీ, ఒక పూట వేట, రెండూ ఆయనకు నష్టం. మాట పడ్డం సంగతి వేరే చెప్పాలా.

ఆ కేబుళ్లు తెగింది ఎర్ర సముద్రంలో, సౌదీలోని జెడ్డా దగ్గర. వాటి పేర్లు ఎస్ఎండబ్ల్యూ4, ఐఎంఈడబ్ల్యూఈ. ఆసియా నుంచి గల్ఫ్ మీదుగా యూరప్ వెళ్లే దారులు అవి. అందుకే ఇక్కడి నుంచి ఇక్కడికే నడిచే ఫోన్‌పేకి ఏమీ కాలేదు, మా తమ్ముడి మొహం మాత్రం బిగుసుకుపోయింది. ఇదంతా నాకు తెలియడానికి మూడు రోజులు పట్టింది. అదీ విదేశీ వార్తలు ఇంగ్లీషులో వెతుక్కుని చదివితే. మీ శాఖ నుంచి తెలుగులో గానీ ఒడియాలో గానీ ఒక్క ముక్క నా దాకా రాలేదు. ఓడ లంగరు ఈడ్చుకుపోవడం వల్లే జరిగి ఉండొచ్చని కేబుళ్ల రక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ కమిటీ ఆ తర్వాత చెప్పింది. అప్పటికి మా గ్రూపుల్లో తీర్పు అయిపోయి, శిక్ష కూడా పడిపోయింది.

మన భాషలో "తెగింది" వేరు, "తెంచారు" వేరు. మొదటి రోజు ఎవరో "కేబుల్ తెగిందట" అంటారు. సాయంత్రానికి అది "తెంచారట" అవుతుంది. ఆ "ట" కూడా మర్నాటికి రాలిపోతుంది. మధ్యలో తెలిసినవాళ్లు ఎవరూ నోరు విప్పకపోతే అంతే జరుగుతుంది.

అనుమానపడేవాళ్లందరూ తెలివితక్కువవాళ్లని నేను అనను. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు తెగినప్పుడు నేను ఇక్కడే కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. మన దేశానికి విదేశాలతో ఉన్న కనెక్షన్ సామర్థ్యంలో దాదాపు సగం పోయింది. రెండు రోజులు తిరక్కుండా దుబాయ్ దగ్గర ఫాల్కన్ అనే ఇంకో కేబుల్ తెగింది. వరసగా అన్ని తెగితే ఎవరికైనా అనుమానం రాదూ? మా సారు కూడా ఇది యుద్ధానికి ముందు పనే అన్నారు. తీరా రిపేరు ఓడ వెళ్లి చూస్తే, ఫాల్కన్ తెగిన చోట ఎవరో వదిలేసిన అయిదారు టన్నుల లంగరు దొరికింది. ఆ వార్త మాత్రం మాలో ఎవరూ చదవలేదు. యుద్ధం మాటే మా బుర్రల్లో మిగిలింది.

అలాగని ప్రతిసారీ లంగరు మీదికి తోసేయడం కూడా కుదరదు. 2013 మార్చిలో అదే అలెగ్జాండ్రియా దగ్గర నీళ్లలో మునిగి కేబుల్ కోస్తున్న ముగ్గురిని ఈజిప్టు నౌకాదళం పట్టుకుంది. 2025 జూన్‌లో తైవాన్ కోర్టు ఒక చైనా కెప్టెన్‌కు మూడేళ్ల జైలు వేసింది, అతని ఓడ లంగరుతో కావాలనే కేబుల్ తెంచిందని. ఫిన్లాండ్‌లో ఇంకో రకం. 2024 క్రిస్మస్ రోజున ఈగిల్ ఎస్ అనే ఓడ సుమారు 90 కిలోమీటర్లు లంగరు ఈడ్చుకుంటూ వెళ్లి, ఒక కరెంటు కేబుల్, నాలుగు సమాచార కేబుళ్లు తెంచిందని కేసు పెట్టారు. హెల్సింకీ కోర్టు ఆ కేసు వినే అధికారం తనకు లేదని 2025 అక్టోబరులో కొట్టేసింది. కావాలని చేశారా, పొరపాటున జరిగిందా అన్నది అక్కడ తేలకుండానే పోయింది. ఓడను పట్టుకుని, దర్యాప్తు చేసి, కోర్టు మెట్లెక్కినవాళ్లకే తేలనిది, పొద్దున్న టీ తాగుతూ మా గ్రూపులో ఎలా తేలిపోతుంది?

లంగరు ఎలా జారుతుందో నాన్న నాకు చూపించారు. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్లు. పడవ నిలబెట్టి లంగరు వేశాక ఆయన తాడు మీద రెండు వేళ్లు పెట్టి కళ్లు మూసుకునేవారు. నా వేళ్లు కూడా పెట్టించారు. లంగరు పట్టుకుంటే తాడు బిగువుగా, నిమ్మళంగా ఉంటుంది. జారుతుంటే సన్నగా వణుకుతుంది, మధ్యమధ్య గుంజుతుంది, అడుగున రాయి మీద ఏదో గీకినట్టు ఆ వణుకు వేళ్ల దాకా వస్తుంది. "అదిగో, అడుగు దున్నుతోంది" అనేవారు. చిన్న పడవ లంగరే అంత పని చేస్తే టన్నుల బరువున్న ఓడ లంగరు సంగతి చెప్పాలా. ఇక లోతు సముద్రంలో ఇంటర్నెట్ కేబుల్ మన పెరట్లో మొక్కలకు నీళ్లు పట్టే పైపు అంత లావే ఉంటుంది. ఒడ్డు దగ్గర ఉక్కు తీగలు చుట్టి ఇంకాస్త లావు చేస్తారు.

రూబీమార్ అనే ఓడ కథ చదివినప్పుడు నాకు ఆ తాడే గుర్తొచ్చింది. 2024 ఫిబ్రవరి 18న ఎర్ర సముద్రంలో హూతీల క్షిపణి ఆ ఓడకు తగిలింది. సిబ్బంది లంగరు వేసి, ఓడ వదిలేసి ప్రాణాలు దక్కించుకున్నారు. మనిషన్నవాడు లేని ఆ ఓడ లంగరు ఈడ్చుకుంటూ రోజుల తరబడి కొట్టుకుపోయింది. ఆ దారిలోనే మూడు కేబుళ్లు తెగాయి. మార్చి 2న ఓడ మునిగిపోయింది. ఇప్పుడు దీన్ని తెగింది అనాలా, తెంచారు అనాలా? క్షిపణి వేసినవాళ్లు కేబుల్ మీద వేయలేదు. లంగరు వేసినవాళ్లు ప్రాణభయంతో వేశారు. వాట్సాప్ మెసేజ్‌లో పట్టే జవాబు కాదు ఇది.

ప్రపంచం మొత్తం మీద ఏటా 150 నుంచి 200 సార్లు సముద్రపు కేబుళ్లు పాడవుతున్నాయని, అందులో 70 నుంచి 80 శాతం చేపల వేట వల్లా, లంగర్ల వల్లా అనుకోకుండా జరిగేవేనని ఆ అంతర్జాతీయ కమిటీ లెక్క. చేపల వేట అన్న మాట అందులో ఉంది, కాదనను. మా వాళ్ల తరఫున అబద్ధం చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో ఇచ్చిన లెక్కలే చూడండి. అప్పటికి మన దేశానికి 17 అంతర్జాతీయ కేబుళ్లు 14 స్టేషన్ల దగ్గర ఒడ్డెక్కుతున్నాయి. అవి ఉన్న ఊళ్లు ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం. అందులో గోపాల్‌పూర్ లేదు, పూరీ లేదు, అసలు ఒడిశా ఊరే లేదు. మా చిన్నాన్న పడవ దేన్ని తెంచుతుంది?

ఇంకో ముచ్చట చెప్పాలి. నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం మా వీధంతా నెట్ పోయింది. షాపులో ఉన్న ఏడెనిమిది మందిలో నలుగురు ఒకేసారి "సముద్రంలో మళ్లీ తెంచేశారు" అన్నారు. ఈసారి నాకు తెలుసు కాబట్టి ఫోన్‌పే చూశాను. అదీ పోయింది. పక్క వీధిలో మాత్రం అన్నీ నడుస్తున్నాయి. సముద్రం తెగితే ఒక్క మా వీధికే తెగుతుందా? రాత్రి తొమ్మిదింటికి ఒక కుర్రాడు బ్యాగ్ తగిలించుకుని వచ్చాడు. చిన్న మెషీన్ తీసి మా కేబుల్ కొసకు తగిలించాడు. "నాలుగు వందల ఇరవై మీటర్ల దగ్గర తెగింది అక్కా" అని చెప్పి నడుచుకుంటూ పోయాడు. నేనూ టార్చి పట్టుకుని వెంట వెళ్లాను. సరిగ్గా అక్కడే డ్రైనేజీ కోసం జేసీబీ గోతులు తవ్వింది. నల్లటి కేబుల్ తొక్క ఊడి బురదలో పడి ఉంది. లోపలి గాజు దారాలు వెంట్రుకల్లా, నీలం, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో బయటకు వచ్చి ఉన్నాయి. గోతి గట్టు మీద గొడుగు పాతుకుని, ఒక్కో దారాన్ని స్పిరిట్‌తో తుడిచి, మెషీన్‌లో పెట్టి అతికిస్తూ ఆ కుర్రాడు రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాడు. ఎక్కడ తెగిందో అంత కచ్చితంగా ఎలా చెప్పావని అడిగితే, "లైటు పంపిస్తాం అక్కా, తెగిన చోట తగిలి వెనక్కొస్తుంది, ఎంతసేపట్లో వచ్చిందో చూసి లెక్క కడుతుంది" అన్నాడు. సముద్రంలో అయినా సూత్రం అదేనట.

ఆ రాత్రి నుంచి నా మనసులో ఒకటే తిరుగుతోంది. ఎవరు తెంచారు అన్నది తేలడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఎప్పటికీ తేలదు. ఎక్కడ తెగింది అన్నది మాత్రం అదే రోజు తెలిసిపోతుంది. ఒడ్డు మీద కూర్చున్నవాళ్లకే తెలిసిపోతుంది. మరి ఆ తెలిసింది ఆ రోజే మాకు ఎందుకు చెప్పరు? ఫలానా కేబుల్, ఫలానా సముద్రంలో, ఫలానా ఊరికి దగ్గర తెగింది. దానివల్ల విదేశాల కాల్స్ స్లో అవుతాయి, ఇక్కడి లావాదేవీలకు ఇబ్బంది లేదు. కారణం ఇంకా తెలియదు. మూడు వాక్యాలు. తెలుగులో, ఒడియాలో, హిందీలో. తుపాను వస్తుంటే మా ఫోన్లకు మెసేజ్ పంపగలుగుతున్నారు కదా, అలాగే పంపండి. "కారణం ఇంకా తెలియదు" అని రాయడానికి మొహమాటపడకండి. ఆ మాట మీరు అంటే, మిగతావాళ్లు తెలిసినట్టు మాట్లాడడానికి ఒక్క క్షణం వెనకాడతారు.

తుపాను అన్నాను కాబట్టి చెబుతున్నా. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. కరెంటు లేదు, ఫోను లేదు, రోజుల తరబడి ఎవరు బతికున్నారో తెలియదు. అంత కష్టంలోనూ టవర్లు ఎవరో కూల్చేశారని ఒక్కరు అనలేదు. గాలి ఎలా వీచిందో అందరం చూశాం, విరిగిన టవరూ చూశాం. సముద్రం అడుగున జరిగేది మాకు కనబడదు. కనబడేది మీకే.

మీ చేతిలో ఉన్న పని ఇంకొకటి ఉంది. ఇది మా పల్లెలకు సంబంధించినది, ఎవరూ మాకు చెప్పనిది. పడవ లంగరో వలో కేబుల్‌కు చిక్కుకుంటే, కేబుల్ తెగకుండా ఉండడానికి ఆ వలనూ లంగరునూ కోసి వదిలేసుకున్న పడవ యజమానికి కేబుల్ కంపెనీ నష్టపరిహారం ఇవ్వాలి. ముందుగా తగిన జాగ్రత్తలు తీసుకుని ఉండాలన్నది షరతు. 1884లో పారిస్‌లో రాసుకున్న ఒప్పందంలోనే ఈ మాట ఉంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 115వ అధికరణంలో మళ్లీ ఉంది. దాని మీద మన దేశం 1995లో ఆమోదముద్ర వేసింది. నేను చదివి చిన్నాన్నకు చెబితే ఆయన నమ్మలేదు. నలభై ఏళ్లుగా వేట చేస్తున్న మనిషి. వల అంటే మా ఇళ్లలో అప్పు చేసి కొనుక్కునేది, దాన్ని ఎవరు కోసుకుంటారు? చిక్కుకుంటే బలం కొద్దీ లాగుతారు. లాగితే కేబుల్ తెగుతుంది. కోసుకుంటే డబ్బు తిరిగి వస్తుందని, ఎవరికి ఏ కాగితం పెట్టుకోవాలో తెలిస్తే లాగరు. జాలరి మీద అనుమానపడడం కంటే ఇది చెప్పడం కేబుల్‌కు ఎక్కువ రక్షణ.

ఇది రేపటికి అక్కరకొచ్చే సంగతి. 2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో గూగుల్ 15 బిలియన్ డాలర్ల ఏఐ డేటా కేంద్రం ప్రకటించింది, దాంతోపాటు అంతర్జాతీయ సముద్ర కేబుళ్లు కూడా విశాఖలో ఒడ్డెక్కుతాయని చెప్పింది. మా పల్లె కుర్రాళ్లు విశాఖ బోట్ల మీద పనికి వెళ్తారు. కేబుల్ ఏ దారిలో వస్తుందో, ఎక్కడ లంగరు వేయకూడదో వాళ్లకు ఎవరు చెప్పాలి? బ్రిటన్‌లో కింగ్‌ఫిషర్ అనే పేరుతో చేపల బోట్లకు కేబుళ్ల మ్యాపులు ఉచితంగా ఇస్తారు, బోటులోని జీపీఎస్‌లో ఎక్కించుకునేలా. మా వాళ్ల దగ్గర కూడా జీపీఎస్ ఉంది. రుషికుల్య నది దగ్గర తాబేళ్ల కోసం ఎక్కడ వేట చేయకూడదో చెబితే మా వాళ్లకు అర్థమైంది. కేబుల్ గీత చూపిస్తే అదీ అర్థమవుతుంది. కేబుల్ వచ్చాక, తెగాక, పోలీసులతో చెప్పించడం వేరు. రాకముందే వచ్చి కూర్చుని చెప్పడం వేరు.

రిపేరు ఓడ మాట కూడా తేల్చండి. మనకంటూ ఒక్క రిపేరు ఓడ లేదని, విదేశీ ఓడల కోసం ఎదురుచూడాల్సి వస్తోందని ట్రాయ్ 2023 జూన్‌లోనే రాసింది. విశాఖ దాకా కేబుళ్లు తెస్తున్నప్పుడు ఓడ కూడా తెచ్చుకోవాలి కదా. అలాగే రోడ్డు తవ్వేముందు అడగమని 2023 మార్చిలో మీరే ఒక యాప్ పెట్టారు. మా వీధి తవ్విన కాంట్రాక్టరుకు ఆ యాప్ పేరు కూడా తెలియదు, నేనే అడిగాను.

మా చిన్నాన్న ఆ పెన్షన్ పనికి మళ్లీ షాపుకి రాలేదు. నేనే పల్లెకు వెళ్లి కాగితాలు తెచ్చి పూర్తి చేశాను. అది ఎర్ర సముద్రంలో జరిగిందని, ఓడ లంగరు వల్లే కావచ్చని చెబితే ఆయన తల ఊపి, "ఆ ముక్క ఆ పెద్దమనిషికి కూడా ఎవరైనా చెప్పారా" అని అడిగారు. నేను చెప్పాను. నేను చెబితే "మీవాళ్లు కాబట్టి నువ్వలా అంటావులే" అన్నాడు. అందుకే ఆ మాట మీ నోటి నుంచి రావాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఇంజను బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లంతా వలలు బాగుచేసుకుంటూ ఇంటి పట్టునే ఉంటారు. ఆ రెండు నెలల్లో ఏ రోజైనా మీ ఆఫీసరు ఒకరిని గోపాల్‌పూర్ పంపండి. పలాసకూ, భీమిలికీ కూడా పంపండి. ఇంగ్లీషులో మాట్లాడినా ఫరవాలేదు, నేను పక్కన ఉండి తెలుగులో చెబుతాను. కేబుల్ మ్యాపు, ఆ నష్టపరిహారం కాగితం ఒక్కొక్క కాపీ తెస్తే చాలు. మిగతావి నా షాపులో జిరాక్స్ తీసి ఇంటింటికీ నేనే ఇస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని, గోపాల్‌పూర్ జాలరి కూతురు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.